డ్రాయర్లో పడున్న చిన్న బోర్డుకి పని పెట్టడం ఎలా

రాస్ప్‌బెర్రీ పై (ముద్దుగా "పై") లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నవాళ్ళలో చాలామంది చేసేది ఇదే, పార్సిల్ విప్పి, ఓఎస్ ఎక్కించి, ఒక ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పి, నాలుగు వీడియోలు చూసి, భలే ఉందనుకుని డ్రాయర్లో పెట్టేస్తారు. బోర్డుది తప్పేం లేదు, ఎంచుకున్న ప్రాజెక్టే తేడా. రోబో, మ్యాజిక్ మిర్రర్, మాట్లాడే అసిస్టెంట్ అంటూ పెద్దవాటితో మొదలుపెడితే సగంలోనే ఊపు పోతుంది, కష్టపడి పూర్తిచేసినా వారం తర్వాత దాని మొహం చూసేవాళ్ళుండరు. నేనైతే ఒక్కటే చూస్తా: ఇది ఆగిపోతే ఇంట్లో ఎవరైనా "అదేంటి, పనిచెయ్యట్లేదా" అని అడుగుతారా? అడిగేలా ఉంటే ఆ బోర్డు ఇక డ్రాయర్లోకి పోదు. కింద రాసినవన్నీ దాదాపు ఆ లెక్కలో ఎంచినవే.

ముందు బోర్డు సంగతి. కొత్తది కొనాల్సిన పన్లేదు, ఉన్నది వాడండి. 2016లో వచ్చిన పై 3 ఇప్పటికీ సెన్సార్లకి, యాడ్ బ్లాకింగ్‌కి ఎక్కువే అవుతుంది. జీరో 2 డబ్ల్యూలో 512 ఎంబీ ర్యామే ఉంటుంది, కానీ స్క్రీన్ లేకుండా మూల కూర్చుని ఒక పని చేసుకునేదానికి అది చాలు. పై 4, పై 5 అవసరమయ్యేది వీడియో, ఫైల్ సర్వర్, రెండు మూడు సర్వీసులు ఒకేసారి నడపడం లాంటి వాటికే. ఆరెంజ్ పై, బనానా పై, రాడ్‌క్సా వాళ్ళవి కూడా బానే ఉంటాయి, వాటిలో చాలావాటికి ఆర్మ్‌బియన్ ఓఎస్ దొరుకుతుంది, కాకపోతే ఎర్రర్ వస్తే వెతికినప్పుడు దొరికే జవాబులు పైకి ఉన్నన్ని ఉండవు. మొదటిసారి అయితే పై తీసుకోవడమే సుఖం.

కక్కుర్తి పడకూడనివి రెండున్నాయి, పవర్ అడాప్టర్, ఎస్‌డీ కార్డ్. "ఊరికే హ్యాంగ్ అవుతోంది", "యూఎస్‌బీ డిస్క్ మధ్యలో మాయమవుతోంది", "వైఫై పడిపోతోంది" అని వచ్చే కంప్లయింట్లలో చాలావాటికి మూలం పాత ఫోన్ ఛార్జర్, సన్నటి కేబుల్. పై 3కి 2.5 యాంపియర్లు, పై 4కి 3 యాంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉండాలి, పై 5కి అయితే 5 యాంపియర్లది పెట్టమంటారు, 3 యాంపియర్లది పెట్టినా బూట్ అవుతుంది గానీ యూఎస్‌బీ పోర్టులకి వెళ్ళే కరెంట్ తగ్గించేస్తుంది. వోల్టేజ్ 4.63 కిందకి జారితే స్క్రీన్ మీద చిన్న మెరుపు గుర్తు వస్తుంది, అది కనిపించిందంటే సాఫ్ట్‌వేర్‌లో ఏదీ కెలక్కండి, ముందు కేబుల్ మార్చండి.

ఓఎస్ ఎక్కించడానికి రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ వాడండి, డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ తీసుకోండి. కార్డ్ రాసేముందే సెట్టింగ్స్‌లో బోర్డు పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై వివరాలు ఇచ్చి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ఆన్ చేసుకుంటే మానిటర్, కీబోర్డ్ తగిలించాల్సిన పనే ఉండదు, పవర్ ఇచ్చి రెండు నిమిషాలాగి ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయిపోవచ్చు. పాత ట్యుటోరియల్స్‌లో "పై" అనే డిఫాల్ట్ యూజర్, దానికో డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉంటుందని రాసుంటుంది చూడండి, ఆ డిఫాల్ట్ యూజర్‌ని 2022లో తీసేశారు, కాబట్టి మీరే పెట్టుకోవాలి.

మొదటిది: టెంపరేచర్ రికార్డర్

ఎవరు అడిగినా ముందు ఇదే చెయ్యమంటా. చిన్నదే, కానీ వైరింగ్, స్క్రిప్ట్, టైమర్, గ్రాఫ్, అలర్ట్ అన్నీ ఇందులో వచ్చేస్తాయి, తర్వాత చేసే సగం ప్రాజెక్టులు దీనికి కొనసాగింపే. ఫిష్ ట్యాంక్, ఫ్రిజ్, మొక్కల షెడ్, ఎండకి వేడెక్కే గది, ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

సెన్సార్ డీఎస్18బీ20 తీసుకోండి, స్టీల్ గొట్టంలో సీల్ చేసిన వాటర్‌ప్రూఫ్ రకమైతే నీళ్ళలో కూడా ముంచొచ్చు. మూడు వైర్లుంటాయి, మామూలుగా ఎరుపు పవర్, నలుపు గ్రౌండ్, పసుపు డేటా, అయితే రంగులు అమ్మేవాళ్ళని బట్టి మారుతుంటాయి కాబట్టి దానితో వచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి. పవర్ వైరు బోర్డు మీద 1వ పిన్‌కి, అది 3.3 వోల్టులది. గ్రౌండ్ 6వ పిన్‌కి. డేటా 7వ పిన్‌కి, అదే సాఫ్ట్‌వేర్ భాషలో జీపీఐఓ 4 (జీపీఐఓ అంటే ప్రోగ్రామ్‌తో వాడుకునే పిన్లు). ఈ రెండు రకాల నంబర్ల దగ్గరే కొత్తవాళ్ళు బాగా తికమకపడతారు, బోర్డు మీద వరసలో లెక్కపెట్టే నంబరు వేరు, జీపీఐఓ నంబరు వేరు. ఇంకా డేటాకి, 3.3 వోల్టులకి మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టాలి, అది లేకపోతే సెన్సార్ కనపడకపోవచ్చు, లేదా కనపడి మాయమై ఆడుకుంటుంది. వైరింగ్ అంతా పవర్ తీసేశాకే చెయ్యండి, పవర్ ఇచ్చాక సెన్సార్ ముట్టుకుంటే చురుక్కుమందంటే పవర్, గ్రౌండ్ తిరగబడ్డాయని, వెంటనే పీకెయ్యండి.

తర్వాత రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి వన్ వైర్ (ఈ సెన్సార్ బోర్డుతో మాట్లాడే పద్ధతి) ఆన్ చేసి రీబూట్ చెయ్యండి. అంతా సరిగ్గా ఉంటే వన్ వైర్ డివైజెస్ ఫోల్డర్లో 28తో మొదలయ్యే పేరుతో కొత్త ఫోల్డర్ కనిపిస్తుంది, అదే మీ సెన్సార్. ప్రతి సెన్సార్‌కీ ఫ్యాక్టరీలోనే 64 బిట్ల సొంత నంబరు ఇచ్చేస్తారు కాబట్టి అవే మూడు వైర్ల మీద నాలుగైదు సెన్సార్లు వరసగా కలుపుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ వస్తుంది. లోపల స్లేవ్ అనే పదంతో ముగిసే ఫైల్ తెరిస్తే రెండు లైన్లుంటాయి. మొదటి లైన్ చివర యెస్ అని ఉంటే రీడింగ్ సరిగ్గా చేరిందని, నో అని ఉంటే ఆ రీడింగ్ పారేసి మళ్ళీ అడగాలి. రెండో లైన్ చివర 27312 లాంటి అంకె ఉంటుంది, 1000తో భాగించండి, 27.312 డిగ్రీలు. ఆ మూడు దశాంశాలు చూసి మురిసిపోకండి, ఈ సెన్సార్ ఖచ్చితత్వమే అటూ ఇటూ అర డిగ్రీ, ఒక దశాంశం వరకు రాసుకుంటే చాలు.

ఇక్కడొక తమాషా ఉంది, అప్పుడప్పుడు చడీచప్పుడు లేకుండా 85 డిగ్రీలు అని వస్తుంది. ఫిష్ ట్యాంక్ ఏమీ మరిగిపోలేదు. పవర్ అందగానే సెన్సార్ మెమరీలో ఉండే అంకే 85, అది కొలవడం పూర్తిచేసేలోపు అడిగినా, మధ్యలో పవర్ ఒక్క క్షణం పోయొచ్చినా అదే చేతిలో పెడుతుంది. పూర్తి రిజల్యూషన్‌లో ఒకసారి కొలవడానికి దానికి ముప్పావు సెకను దాకా పడుతుంది మరి. కాబట్టి స్క్రిప్ట్‌లో కచ్చితంగా 85 వస్తే వదిలెయ్యమని ఒక లైను రాయండి, మాటిమాటికీ వస్తుంటే మాత్రం వైరు ఎక్కడో లూజుగా ఉన్నట్టే.

పైథాన్‌లో పదిహేను లైన్ల స్క్రిప్ట్ చాలు, టైము, టెంపరేచర్ ఒక సీఎస్‌వీ ఫైల్లో కింద కింద రాసుకుంటూ పోవాలి. చెప్పిన టైముకి ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో 5 నిమిషాలకోసారి నడిచేలా పెడితే రోజుకి 288 లైన్లు, ఏడాదికి లక్ష చిల్లర, బోర్డుకి అదొక లెక్కే కాదు. నెల తర్వాత గ్రాఫ్ గీసి చూడండి, ఫ్రిజ్ మోటార్ ఎప్పుడు ఆన్ అవుతోంది, తలుపు ఎవరు తీసి అలాగే వదిలేశారు, అన్నీ ఆ గీతలో తెలిసిపోతాయి. ఫోన్‌కి అలర్ట్ పెట్టుకోవాలంటే టెలిగ్రామ్ బాట్ తేలిక, కానీ ఒక్క రీడింగ్‌కే అలర్ట్ పంపొద్దు, వరసగా మూడు హద్దు దాటితేనే పంపమని రాయండి, లేదంటే తలుపు తీసిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, రెండు రోజుల్లో మీరే మ్యూట్ చేసేస్తారు.

ఇంటి మొత్తానికి యాడ్ బ్లాకర్

పై హోల్ అనే యాడ్ బ్లాకింగ్ సాఫ్ట్‌వేర్ గురించి వినే ఉంటారు. ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్ ఏదైనా ఒక సైట్‌కి వెళ్ళేముందు దాని అడ్రస్ డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది, ఆ సర్వర్ స్థానంలో మన బోర్డు కూర్చుని యాడ్ కంపెనీల పేర్లు వచ్చినప్పుడు అలాంటిది లేదు పో అంటుంది, అంతే. ఇన్‌స్టాల్ చెయ్యడం ఒక కమాండ్‌తో అయిపోతుంది. అసలు పనంతా రౌటర్లో. బోర్డు ఐపీ అడ్రస్ మారకుండా రిజర్వ్ చెయ్యాలి, తర్వాత డీఎన్‌ఎస్ దగ్గర ఆ ఐపీ ఇవ్వాలి. రెండో డీఎన్‌ఎస్ గడి ఖాళీగా ఉందని అక్కడ గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టారనుకోండి, డివైజులు తమకి నచ్చినప్పుడు దాన్ని కూడా అడుగుతాయి, యాడ్స్ సగం వస్తూ సగం రాకుండా ఎందుకుంటున్నాయో అర్థంకాక జుట్టు పీక్కుంటారు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి, లేదా రెండో బోర్డు పెట్టుకోండి.

యూట్యూబ్ యాడ్స్ మాత్రం దీనితో ఆగవు, వీడియో వచ్చే పేర్ల నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి పేరు చూసి ఆపేవాడికి తేడా తెలీదు. ఇంకోటి, బోర్డు ఆగిపోతే ఇంట్లో అందరికీ నెట్ పోయినట్టే ఉంటుంది. నేను మొదట్లో చెప్పిన పరీక్షలో ఇది ఫస్ట్ క్లాస్‌లో పాసవుతుంది, తిట్లు కూడా బాగానే పడతాయి.

తల మీదుగా పోయే విమానాలు

పైవన్నీ ఇంటి పనులు, ఇదొక్కటి మాత్రం సరదా, ఆగిపోయినా అడిగేది మీరొక్కరే. విమానాలు చాలావరకు తమ స్థానం, ఎత్తు, వేగం 1090 మెగాహెర్ట్జ్ మీద ఎప్పటికప్పుడు బయటికి చెప్తూ ఎగురుతాయి, దాన్ని ఏడీఎస్-బీ అంటారు, అందులో రహస్యమేమీ లేదు, ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు. టీవీ చూడ్డానికి తయారైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ డాంగిల్ తగిలించి ఆ సిగ్నల్స్ చదివే డంప్1090 గానీ రీడ్‌ఎస్‌బీ గానీ నడిపితే బ్రౌజర్లో మ్యాప్ మీద విమానాలు కదులుతూ కనిపిస్తాయి. డాంగిల్ పెట్టినా ఏమీ రాకపోతే తొంభై శాతం కారణం ఒకటే, లైనక్స్ దాన్ని టీవీ ట్యూనర్ అనుకుని తన డ్రైవర్‌కి అప్పగించేస్తుంది, ఆ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీబూట్ చెయ్యాలి.

యాంటెన్నా కొనక్కర్లేదు, ఈ ఫ్రీక్వెన్సీకి వేవ్‌లెంగ్త్ దాదాపు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు అంటే 6.9 సెంటీమీటర్ల రాగి తీగ నిటారుగా నిలబెట్టి, కింద అంతే పొడవు తీగలు నాలుగు వాలుగా పెడితే బానే పట్టుకుంటుంది. పొడవు కంటే ముఖ్యం ఎక్కడ పెట్టారనేది. 10 కిలోమీటర్ల ఎత్తులో పోయే విమానం రేడియోకి లెక్క ప్రకారం 400 కిలోమీటర్ల దూరం దాకా కనపడాలి, కానీ గది లోపల పెడితే గోడలు మింగేస్తాయి, కిటికీ దగ్గరకి జరిపితే సగం ఆకాశం, డాబా మీద పెడితే చుట్టూ. రేడియో సిగ్నల్స్ వినడం మీద కొన్ని దేశాల్లో రూల్స్ ఉంటాయి, మీ దగ్గర ఎలా ఉందో చూసుకుని మొదలుపెట్టండి.

మిగతావి గబగబా

పాత హార్డ్ డిస్క్ ఉంటే, ఫైళ్ళు నెట్‌వర్క్ మీద పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఇంటి ఫైల్ సర్వర్ చేసుకోవచ్చు. పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇచ్చేది 1.2 యాంపియర్లే, కాబట్టి సొంత పవర్ ఉన్న డిస్క్ గానీ, పవర్డ్ హబ్ గానీ వాడండి. ఫోటోలు అందులో మాత్రమే పెట్టి ఫోన్లో డిలీట్ చెయ్యొద్దు, ఒక డిస్క్‌లో ఒకే కాపీ ఉంటే దాన్ని బ్యాకప్ అనరు.

కెమెరా మాడ్యూల్ ఉంటే టైమ్‌ల్యాప్స్ బాగుంటుంది. 10 సెకన్లకో ఫోటో చొప్పున 8 గంటలు తీస్తే 2880 ఫోటోలు, సెకనుకి 24 ఫ్రేములతో కలిపితే సరిగ్గా 2 నిమిషాల వీడియో. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యండి, లేకపోతే మబ్బు వచ్చినప్పుడల్లా వీడియో రెపరెపలాడుతుంది. పాత గేములకి రెట్రోపై, సినిమాలకి లిబ్రెఎలెక్, ఇవి కార్డ్‌కి రాసి పెట్టుకోవడమే, ప్రాజెక్ట్ అనడానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లలుంటే మాత్రం ఇవే హిట్.

చెయ్యొద్దనేవి కూడా చెప్తా. జీపీఐఓ పిన్లు 3.3 వోల్టులవి, 5 వోల్టులు పెడితే పిన్ను పోతుంది, ఒక్కోసారి బోర్డే పోతుంది. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సార్ ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో డివైడర్ పెట్టి తగ్గించాకే కలపాలి. మోటార్‌ని నేరుగా పిన్‌కి తగిలించొద్దు, మోటార్‌కి కరెంట్ అందించే డ్రైవర్ బోర్డు మధ్యలో ఉండాలి. మట్టి తడి కొలిచే అనలాగ్ సెన్సార్లని పై చదవలేదు, దానికి అనలాగ్ సిగ్నల్‌ని అంకెల్లోకి మార్చే ఎంసీపీ3008 లాంటి చిప్ కావాలి. కరెంటు లైన్ మీద రిలే (సిగ్నల్‌తో పనిచేసే స్విచ్)తో ఆడేకన్నా రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్ కొని బోర్డు నుంచి దాన్ని ఆన్ ఆఫ్ చెయ్యండి. ఒక బటన్, ఒక లైటు మాత్రమే అయితే ఇంత లైనక్స్ బోర్డు దండగ, పికో లాంటి మైక్రోకంట్రోలర్‌తో కానిచ్చెయ్యండి.

రోజుల తరబడి నడవాలంటే

మీ స్క్రిప్ట్‌ని టెర్మినల్‌లో నడిపి వదిలెయ్యకండి, లైనక్స్‌లో ప్రోగ్రాముల్ని బూట్ అవ్వగానే మొదలుపెట్టే సిస్టమ్‌డీకి సర్వీస్‌గా రాసి, పడిపోతే మళ్ళీ లేపే ఆప్షన్ పెట్టండి, అప్పుడు కరెంట్ పోయొచ్చినా దానంతటదే మొదలవుతుంది. బయటినుంచి లాగిన్ అవ్వాలని రౌటర్లో ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 పోర్ట్ తెరిచి పెట్టొద్దు, గంటల్లోనే ఎవరెవరో పాస్‌వర్డ్లు ప్రయత్నించడం మొదలుపెడతారు, వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ లాంటి వీపీఎన్ వాడండి. అన్నీ సరిగ్గా పనిచేస్తున్న రోజే కార్డ్ మొత్తం ఇమేజ్ తీసి దాచుకోండి.

కార్డులు పాడయ్యేది ఎక్కువగా రాస్తుండగా పవర్ పీకినప్పుడు. కరెంట్ తరచూ పోయే చోట రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డ్ మీద ఏదీ రాయకుండా అంతా ర్యామ్‌లోనే నడుస్తుంది. అయితే రీబూట్ అవ్వగానే కొత్తగా రాసినవన్నీ పోతాయి, టెంపరేచర్ ఫైల్ లాంటిది ఉంటే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకో వేరే కంప్యూటర్‌కో పంపేలా స్క్రిప్ట్ మార్చుకోండి, అప్‌డేట్ చెయ్యాల్సినప్పుడు ముందు ఓవర్‌లే ఆఫ్ చేసి రీబూట్ చేసి, అప్‌డేట్ అయ్యాక మళ్ళీ ఆన్ చెయ్యండి.