బండి పార్ట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు ఇవి చూస్కోండి

తక్కువలో దొరుకుతోంది కదా అని కొనేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ పార్ట్ రోడ్డు మీద ఉన్నట్టుండి పాడైతే ఏమవుతుంది? వైపర్ బ్లేడ్ అయితే వానలో కాసేపు ఇబ్బంది, మ్యాట్ అయితే తీసి పడేస్తారు. అదే బ్రేక్ ప్యాడ్, లేదంటే స్టీరింగ్‌నీ చక్రాల్నీ కలిపి పట్టుకునే టై రాడ్, బాల్ జాయింట్ అయితే ప్రాణం మీదకొస్తుంది. ఇలాంటివి ఎవరో తెలియని సెల్లర్ దగ్గర అస్సలు కొనకండి, ఎంత తక్కువకిచ్చినా సరే. ఎయిర్‌బ్యాగ్ అయితే ఆన్‌లైన్‌లో వెతకనే వెతకొద్దు. 2012లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ డూప్లికేట్ ఎయిర్‌బ్యాగుల్ని టెస్ట్ చేస్తే కొన్ని అసలు తెరుచుకోలేదు, తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు ఎగిరొచ్చినవి కూడా ఉన్నాయి.

అలాగని ఆఫ్టర్‌మార్కెట్, అంటే బండి కంపెనీ పేరుతో కాకుండా వేరే పేర్లతో అమ్మే పార్టులు, అన్నీ చెత్త అని కాదు. బండి కంపెనీలకి పార్టులు చేసిచ్చే వాళ్లే చాలామంది అదే సరుకు సొంత పేరుతో కూడా అమ్ముతారు, అవి బాగుంటాయి. సమస్యల్లా ఆ పేరు అతికించి వచ్చే డూప్లికేట్లతోనే.

ఇక కొనడం దగ్గరికొస్తే, మోడల్ పేరు, సంవత్సరం కొట్టి "మీ బండికి సరిపోతుంది" అని వచ్చిందని నమ్మేయకండి, ఒకే మోడల్‌లో ఏడాది మధ్యలో పార్ట్ మారిపోయిన బండ్లు బోలెడు. పదిహేడు అక్షరాల షాసీ నంబర్ ఇచ్చి సర్వీస్ సెంటర్‌లో పార్ట్ నంబర్ కనుక్కోండి, లేదా పాత పార్ట్ మీదే రాసుంటుంది చూడండి, ఆ నంబర్‌తో వెతకండి. నాకు ఒకసారి ముందు చక్రం బేరింగ్ సైజు అచ్చంగా సరిపోయింది, బిగించేశాం, కానీ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు లాక్ అవకుండా చూసేది) లైట్ ఆరలేదు, మళ్లీ మొత్తం ఊడదీసి చూస్తే అది చక్రం వేగం సెన్సర్‌కి తెలియాలంటే లోపల ఉండాల్సిన మాగ్నెట్ రింగ్ లేని రకం. లేబర్ రెండుసార్లు ఇచ్చుకున్నా. ఆయిల్ ఫిల్టర్ కూడా అంతే, మర ఒకటే అయినంత మాత్రాన లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కనుంచి పోనిచ్చేది) ఒకటే అనుకోకూడదు. స్పార్క్ ప్లగ్‌లో ఇంకో తిరకాసు ఉంది, ఎన్‌జీకే, డెన్సో బ్రాండ్లలో హీట్ రేంజ్ నంబర్ పెరిగేకొద్దీ కోల్డ్ ప్లగ్ (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో పెరిగేకొద్దీ హాట్ ప్లగ్ (వేడిని ఎక్కువసేపు పట్టుకునేది), కాబట్టి బ్రాండ్ మారుస్తుంటే నంబర్ చూసి అంచనా వేయకుండా ఆ కంపెనీ చార్ట్ చూసే తీసుకోండి.

రివ్యూల్లో స్టార్లు లెక్కపెట్టడం కాదు, "డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్" అనేవి వదిలేసి, బిగించి కొన్ని నెలలు తిప్పినవాళ్లు ఏం రాశారో అదే చదవండి. బ్రాండ్ పేరు పెద్దదే అయినా కింద సెల్లర్ ఎవరో చూడటం మర్చిపోకండి, ఆ బ్రాండ్ వెబ్‌సైట్‌లో వాళ్ల డీలర్ల లిస్ట్ ఉంటే అందులో ఆ పేరుందో లేదో చూడండి. మరీ సగం ధరకి పెట్టాడంటే అక్కడే ఆగిపోండి.

పార్సెల్ వచ్చాక విప్పేటప్పుడు వీడియో తీయండి, ఆ తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి బరువు, బోల్టు రంధ్రాలు, అంచుల ఫినిషింగ్, అచ్చు పడిన అక్షరాలు పోల్చండి. బ్రేక్ ప్యాడ్ వెనక ప్లేట్ మీద గుండ్రంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన 90R అని నంబర్ ఉంటే అది యూరప్ రూల్ ప్రకారం టెస్ట్ అయినట్టు, ఆ గుర్తు కూడా డూప్లికేట్ కొట్టేవాళ్లున్నారు కాబట్టి మిగతావన్నీ చూశాకే నమ్మండి. టైర్ అయితే పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ అని, కొత్తదని చెప్పి ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్నది అంటగడతారు. బ్రేక్ ఆయిల్ సీల్ ఏమాత్రం లేచినా వాపస్ పంపేయండి, అది గాల్లో తేమ లాగేసుకుంటుంది, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కి కనీస బాయిలింగ్ పాయింట్ 230 డిగ్రీలుండాలి, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు, దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడేది అందుకే.

ఒకసారి బిగించాక బోల్టు గుర్తులు పడితే చాలామంది సెల్లర్లు వాపస్ తీసుకోరు, అందుకని పోల్చి చూడటం అంతా బిగించక ముందే అయిపోవాలి, పాత పార్ట్ కూడా రిటర్న్ గడువు దాటేదాకా పారేయకండి. మీరు తెచ్చిన సామానుకి మెకానిక్ గ్యారెంటీ ఇస్తాడా లేదా కూడా ముందే అడగండి. ప్యాడ్లు మార్చిన రోజు మాత్రం బండి కదిలించక ముందే పెడల్ గట్టిపడే వరకు నాలుగైదుసార్లు తొక్కండి, తర్వాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ బ్రేక్ పట్టి చూడండి, ఒక పక్కకి లాగుతున్నా కీచుమంటున్నా వెంటనే వెనక్కి తెచ్చి విప్పించండి.