యాసంగికి వాగు నీరు పెట్టే ముందు

శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో వరంగల్ వైపు వచ్చేటప్పుడు బాగానే ఉంటాయి. చిక్కంతా ఆ నీరు పొలాలు తడిపి, మురుగు కాలువల్లోకి దిగి, వాగులో కలిశాకే. అడవిలోంచి వచ్చే వాగులోనూ రాళ్లు అరిగి కలిసిన లవణం కొంత ఉంటుంది. ఆయకట్టు కింది వాగు సంగతి వేరు. పైరు నీటిని తాగుతుంది, ఎండ ఇంకొంత లాగేస్తుంది, ఉప్పు మాత్రం మిగిలిన నీటిలోనే చిక్కబడుతుంది. వానాకాలపు వరద దాన్ని పలుచన చేస్తుంది. ఎండలు ముదిరాక ఆ వరద ఉండదు.

నీటిలో ఉప్పు ఎంతుందో విద్యుత్ వాహకత చెబుతుంది, దాన్ని మీటరుకు డెసీసీమెన్స్‌లో కొలుస్తారు. అది 0.5 ఉన్న నీరు మంచిదే. అయినా ఎకరానికి అంగుళం మందాన పెడితే సుమారు 33 కిలోల లవణం పొలంలో చేరుతుంది. అదే 2 ఉంటే 130 కిలోలకు పైమాటే. వరికి ఎన్ని అంగుళాలు పెడతారో మీకే తెలుసు.

అందుకే నారు పోయక ముందే నీటి పరీక్ష చేయించండి. వాగు నీరైతే ఒడ్డున నిలిచింది కాకుండా పారే చోట పట్టాలి. బోరైతే మోటారు అరగంట నడిచాక, ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, లీటరు నింపండి. పురుగు మందు సీసా మాత్రం వద్దు.

ఫలితంలో వాహకత 0.7 లోపు ఉంటే నిశ్చింత. 3 దాటితే ఆ నీటితో వరి జోలికి పోకండి. కొన్ని ల్యాబులు 0.7ను 700 అని రాస్తాయి, కంగారు పడవద్దు, అది మైక్రోసీమెన్స్ లెక్క, కొలమానమే వేరు. ఈ ఒక్క అంకె చూసి ఊరుకోకూడదు. మిగులు సోడియం కార్బొనేట్ (నీటిలోని సోడా గుణం చెప్పే అంకె) లీటరుకు 2.5 మిల్లీఈక్వివలెంట్లు దాటితే వాహకత తక్కువున్నా నేల గట్టిపడిపోతుంది. నల్లరేగడిలో ఈ నష్టం మరీ ఎక్కువ.

మధ్యస్థంగా ఉన్న నీరు తప్పనిసరైతే, మంచి నీటిని నారుమడికి, నాటిన తొలి వారాలకు, పూత దశకు దాచుకోండి. వరి ఉప్పుకు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే.

పొలంలో ఉప్పు తెల్లపొర కనిపించగానే జిప్సం చల్లేవారున్నారు. డబ్బు దండగ! జిప్సం కారు చౌడుకు, అంటే సోడియం ఎక్కువై గట్టిపడిన నేలకు మందు. తెల్లగా ఉప్పు తేలే పాల చౌడుకు కావలసింది గట్లు కట్టి, మంచి నీరు నిలబెట్టి, మురుగు తీయడం. ఆ మురుగును వాగు నిండుగా పారే వానాకాలంలోనే వదలండి, దిగువ రైతు మోటారు కూడా ఆ వాగు మీదే ఉంటుంది.