ముందు బాలింత ఇల్లు, చివర దగ్గు ఇల్లు: ఆశమ్మలకు ఒక ఏఎన్ఎం చెప్పే జాగ్రత్తలు

నేను ఏఎన్ఎంని, అంటే సబ్ సెంటర్ నర్సుని. ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం చూసే ఆశమ్మల్లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను మొదట అడిగేది మాస్కుల గురించే. "సిస్టర్, ఎన్‌95లు ఎప్పుడిస్తారు?" అని. గాలిలో తేలే సన్నటి తుంపరల్ని కూడా ఆపే బిగువు మాస్కులవి. ఇస్తారు, అయిపోతాయి, మళ్ళీ ఎప్పుడో వస్తాయి. అందుకే నేను మాస్కు కంటే ముందు వరస చెప్తాను. ఏ ఇంటికి ముందు వెళ్ళాలి, ఏ ఇంటికి తర్వాత, వెళ్ళాక ఎక్కడ కూర్చోవాలి, సంచిలోంచి ఏది ముందు తీయాలి. వీటికి స్టాకుతో పని లేదు, సరుకు కావాలని ఇండెంటు పెట్టనక్కర్లేదు.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఏజెన్సీ సబ్ సెంటర్. ఇక్కడ మలేరియా, టీబీ, గర్భిణులు, పసిపిల్లలు అన్నీ ఒకే ఆశమ్మ చేతి మీదుగా నడుస్తాయి. పొద్దున బిడ్డను ఎత్తుకున్న చేయే మధ్యాహ్నం తెమడ డబ్బా పట్టుకుంటుంది. రోగం మనకు అంటడం ఒక ఎత్తు, మనమే మోసుకెళ్ళి ఇంకో ఇంట్లో పెట్టి రావడం ఇంకో ఎత్తు.

కాబట్టి రోజులో మొదటి ఇల్లు బాలింతది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి కదా. ఆ రోజు వస్తే ఇంకే గడపా తొక్కకముందే అక్కడికి వెళ్ళండి. తర్వాత గర్భిణులు, ఆ తర్వాత బీపీ, షుగర్ వాళ్ళు, ఆపైన జ్వరాల ఇళ్ళు. దగ్గు ఉన్న ఇల్లు, టీబీ మందులు వాడే ఇల్లు అన్నిటికంటే చివర. దారిలో ఎవరో కేకేసి పిలిచి వరస తప్పితే ఏం చేస్తాం, సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్కు మార్చుకుని పోవడమే.

చేతులు కడగడం అందరికీ వచ్చనుకుంటాం. గాజులు పైకి నెట్టరు, ఉంగరం తీయరు, బొటనవేలు సంగతే మరచిపోతారు. బకెట్లో చేతులు ముంచి తీస్తే కడిగినట్టు కాదు. ఇంట్లో ఎవరినైనా చెంబుతో పోయమనండి. మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. తర్వాత కొంగుకు తుడుచుకుంటే చేసిందంతా వృథా, గాలికి ఆరనివ్వండి. శానిటైజర్ పైకి శుభ్రంగా కనిపించే చేతులకే పనికొస్తుంది. మట్టో, బిడ్డ దొడ్డికి కూర్చున్నదో అంటితే సబ్బే. బిడ్డ బరువు తూచే జోలె గుడ్డ కూడా చూసుకోండి, అది ఉతక్కుండా ఇల్లిల్లూ తిరుగుతుంటుంది. థర్మామీటర్ చివర స్పిరిట్ దూదితో తుడవడం అర నిమిషం పని.

దగ్గు ఇంటి దగ్గర

టీబీ గాలిలో వస్తుంది. రోగి దగ్గినప్పుడు బయటికొచ్చిన సన్నటి తుంపరలు మూసిన గదిలో గంటల కొద్దీ తేలుతూ ఉంటాయి. ఆరుబయట గాలికి చెదిరిపోతాయి, ఎండకు టీబీ క్రిమి చస్తుంది. దీన్నిబట్టే మన పద్ధతంతా. ఇంట్లోకి రమ్మంటారు, మర్యాదకి మంచం వాలుస్తారు. "ఎండ బాగుంది పెద్దమ్మా, బయటే కూర్చుందాం" అని మంచం చెట్టు కిందికి లాక్కోండి. గాలి మీ వీపు మీదుగా రోగి వైపు వెళ్ళేలా కూర్చోండి. మందుల షీటు చూడ్డం, బరువు అడగడం, బ్యాంకు ఖాతా వివరాలు రాసుకోవడం, అన్నీ అక్కడే అవుతాయి. మంచాన పడ్డవాళ్ళ కోసం లోపలికి వెళ్ళక తప్పకపోతే ముందు తలుపు, కిటికీ బార్లా తెరవండి, ఎన్‌95 పెట్టుకోండి, పని చూసుకుని బయటికొచ్చి మాట్లాడండి.

తెమడ పట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. డబ్బా మీద పేరు ముందే రాయండి, మూత మీద కాదు, డబ్బా ఒంటి మీద. ల్యాబులో మూత తీశాక ఎవరిదేదో తెలియాలి కదా. డబ్బా చేతికిచ్చి మనిషిని ఇంటి వెనక్కి, ఆరుబయటికి పంపండి. ఎలా దగ్గాలో మీరు ముందే చూపించండి: గట్టిగా ఊపిరి తీసుకుని, లోపల్నుంచి. ఉమ్ము కాదు, తెమడ. అతను దగ్గేటప్పుడు మీరు ఎదురుగా నిలబడి "వచ్చిందా, వచ్చిందా" అని తొంగి చూడొద్దు. మూత బిగించాకే తీసుకోండి, జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని వేరే డబ్బాలో నిలువుగా పెట్టండి. రిజిస్టర్లు, అన్నం బాక్సు ఉన్న సంచిలో అది పెట్టే పనే లేదు.

ఎన్‌95 అంటే తల వెనక రెండు పట్టీలు ఉండేది తెచ్చుకోవడం మేలు, చెవులకు తగిలించేది అంత బిగువుగా కూర్చోదు. పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ జడ కిందుగా మెడ మీద. ముక్కు దగ్గరి రేకు రెండు చేతుల వేళ్ళతో నొక్కండి. ఇప్పుడు రెండు అరచేతులు మాస్కు మీద కప్పి గట్టిగా ఊదండి. కళ్ళ వైపో, బుగ్గ పక్కనో గాలి తగిలితే సరిగా కూర్చోనట్టే. మన ఆడవాళ్ళకు దీంతో వచ్చే చిక్కు ముక్కుపుడక. పెద్ద రాయి ముక్కుపుడక ఉంటే అంచు లేచి ఆ పక్కన సందు పడుతుంది. ముక్కుపుడక తీయమంటే అత్తగారు ఊరుకోరని ఒక ఆశమ్మ అంది. నిజమే, ఆమె పెద్దది తీసి చిన్న పుడక పెట్టుకుంది, అత్తగారూ ఊరుకుంది, మాస్కూ కూర్చుంది.

ఎన్‌95ని ఉతకొద్దు, స్పిరిట్, శానిటైజర్ చల్లొద్దు. దుమ్మును, క్రిముల్ని పట్టుకునే గుణం పోతుంది. చాలినన్ని లేనప్పుడు ఒక్కో మాస్కును ఒక్కో కాగితం కవర్లో పెట్టి, కవరు మీద వారం పేరు రాసి, మార్చి మార్చి వాడుకోండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమట ఆరదు. తడిసినా, నలిగినా, పట్టీ వదులైనా పారేయాల్సిందే. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం మాస్కు కిందికి రాదు. రోగికి మాత్రం మామూలు సర్జికల్ మాస్కు చాలు, ఆ తుంపరలు బయటికి రాకుండా ఆపడానికి.

ఇక్కడ ఇంకో సంగతి. ఒక్క టీబీ ఇంటి ముందే మాస్కు తీసి పెట్టుకుంటే వాడకట్టంతా చూస్తుంది. మర్నాటికి ఆ ఇంటి పిల్ల సంబంధం ఆగిపోతుంది. కాబట్టి వాడలోకి అడుగు పెట్టేటప్పుడే పెట్టుకోండి, దగ్గున్నా లేకున్నా ఆ వాడలో అన్ని ఇళ్ళకూ అలాగే వెళ్ళండి. ఆ ఇంట్లో టీ ఇస్తే బయట కూర్చుని తాగండి. గ్లాసుతో, కంచంతో టీబీ రాదు. మలేరియా దోమతో వస్తుంది తప్ప రోగిని ముట్టుకుంటే రాదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ పక్కన కూర్చుంటే ఏమీ కాదు. పడాల్సిన చోట భయపడితే చాలు.

రక్తం దగ్గర

మలేరియా కిట్టుతో వేలు గుచ్చేముందు సూది వేసే గట్టి డబ్బా మూత తీసి కుడి చేతి పక్కన పెట్టుకోండి. ముందే. గుచ్చాక డబ్బా కోసం వెతికితే వాడిన సూది చేతిలోనో, చాప మీదో ఉంటుంది, పిల్లాడు దాని మీదే పాకుతాడు. గ్లోవ్స్ వేసుకుని, ఉంగరపు వేలు స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, కొస పక్కగా గుచ్చండి. రక్తం రాకపోతే కొత్త సూదే. వాడినదానికి మూత పెట్టే ప్రయత్నం చేయొద్దు, నేరుగా డబ్బాలోకి. సర్కారు డబ్బా లేకపోతే సూది గుచ్చినా దిగని మందపాటి ఫినాయిల్ క్యాను కడిగి వాడొచ్చు, ముప్పావు వంతు నిండితే మూత బిగించి పీహెచ్‌సీలో ఇచ్చేయండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులది తెల్ల డబ్బా, గ్లోవ్స్‌ది ఎర్ర సంచి, రక్తం దూదిది పసుపు సంచి. పొయ్యిలో వేయడం, పెంటకుప్పలో పూడ్చడం కుదరదు. గ్లోవ్స్ ఒక మనిషికి ఒక జత. అవే వేసుకుని నాలుగిళ్ళు తిరిగేవాళ్ళ కంటే వట్టి చేతులు కడుక్కునేవాళ్ళే నయం.

బుధ, శనివారాల టీకాల రోజు పిల్లల కాళ్ళు పట్టుకునేది మీరే. తొడ మీద, సూది పడే చోటికి దగ్గరగా చేయి పెట్టొద్దు. తల్లి ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టించి, ఒక కాలు ఆమె మోకాళ్ళ మధ్య ఇరికించమనండి, మీరు మోకాలి కింద పట్టుకోండి. బిడ్డ తన్నుకున్నప్పుడు సూది జారేది పట్టుకున్నవాళ్ళ చేతిలోకే.

ఎంత జాగ్రత్తపడ్డా గుచ్చుకుంటే అందరూ చేసే మొదటి పని వేలు నోట్లో పెట్టుకోవడం. వద్దు. నొక్కి పిండడమూ వద్దు, డెటాల్, స్పిరిట్ పోయడమూ వద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. కంట్లో పడితే మంచినీళ్ళతో కడుగుతూనే ఉండండి. టైము రాసుకుని వెంటనే డాక్టర్ సారుకు ఫోన్ చేయండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఇక లాభం ఉండదు, మొదలెడితే 28 రోజులు వాడాలి. అవసరమా కాదా అన్నది డాక్టర్ చూస్తారు. "సిస్టర్ తిడుతుందేమో" అని దాచకండి, తిడితే నేను తర్వాత తిడతాను.

హెచ్ఐవీ గురించి అందరూ వణుకుతారు గానీ సూదితో ఎక్కువగా అంటేది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి. టీకా వేసుకోనివాళ్ళకు అది 30 శాతం దాకా అంటొచ్చు, హెచ్ఐవీ 0.3 శాతం. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికుంటుంది. నేల మీద చుక్క పడితే లీటరు నీళ్ళలో 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి పోసి, పది పదిహేను నిమిషాలాగి తుడవండి. హెపటైటిస్ బికి టీకా ఉంది, మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఊరంతటికీ టీకాలు గుర్తుచేసే ఆశమ్మల్లో ఎంతమందికి ఈ మూడూ పడ్డాయో అడిగి చూడండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. 2018లో మొదలైన హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా ఉంది. నెలవారీ మీటింగులో నోటితో అడిగితే గాలికి పోతుంది, పదిమంది సంతకాలు పెట్టి కాగితం ఇవ్వండి, నకలు దగ్గరుంచుకోండి. మాస్కులకూ, గ్లోవ్స్‌కూ అంతే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు అవార్డు ఇచ్చింది, సంతోషమే, గ్లోవ్స్ డబ్బా కూడా నెలనెలా వస్తే ఇంకా సంతోషం.

ఇంటికెళ్ళాక సంచి మంచం మీద వేయకుండా వసారాలో మేకుకు తగిలించండి. ఫోను తుడవండి, చేతులు, మొహం కడిగి, చీర మార్చి, అప్పుడు పిల్లల్ని దగ్గరికి తీసుకోండి. మీరే గర్భిణి అయితే ఆటలమ్మ, తట్టు ఉన్న ఇళ్ళను పక్క ఆశమ్మకు ఇచ్చి ఆమె గర్భిణుల ఇళ్ళు మీరు తీసుకోండి. నాకు చెప్తే రిజిస్టర్లో సర్దుతాను.

మీకే రెండు వారాలు దగ్గు ఆగకపోతే, సాయంత్రం జ్వరం తగులుతుంటే, జాకెట్లు వదులవుతుంటే మీ పేరు రాసిన తెమడ డబ్బా కూడా ఆ రోజు ల్యాబుకు వెళ్ళే పెట్టెలో ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళు రెండు వారాలు కూడా ఆగొద్దు.