ముద్ద ఇంగువను పోపుకు సిద్ధం చేసుకోవడం ఎలా?

జీలకర్ర, ధనియాలు, వాము అన్నీ ఇంగువకు చుట్టాలే. క్యారట్ కుటుంబపు మొక్క ఇది. పుట్టిల్లు ఇరాన్, అఫ్గానిస్తాన్‌లలోని ఎడారి నేలలు. కొన్నేళ్లపాటు వేరును లావు చేసుకుంటూ గడిపి, ఒకే ఒక్కసారి గొడుగుల్లాంటి పసుపుపచ్చని పూలు పూసి, గింజలిచ్చి చనిపోతుంది. జిగురు తీసేవాళ్లు ఆ పూతకు ముందే కాండం నరికి వేరు తలకు గాటు పెడతారు. కారిన పాలు గడ్డకట్టాక గీకి తీసి, మళ్లీ గాటు పెడతారు. ఒక మొక్క పూయకుండానే ఇచ్చిన జిగురును మాడ్చి పారేయడానికి నాకు మనసొప్పదు. మన దేశంలో 2020 అక్టోబరులో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో, క్వారింగ్ అనే ఊళ్లో, ఇంగువ మొక్క నాటారు. అదీ చలి ఎడారే.

1. కొనేటప్పుడు పొట్లం మీది పదార్థాల పట్టీ చదవండి. అంగళ్లలో దొరికేది చాలావరకు పిండి, తుమ్మజిగురు కలిపిన ఇంగువే. గోధుమ పడనివాళ్లు అది ఏ పిండో తప్పక చూసుకోవాలి.

2. ముద్దను మందపాటి కాగితంలో చుట్టి రోకలితో కొట్టండి. పెసరగింజంత ముక్కలు చేయండి. నలుగురికి సరిపడే పప్పుచారుకు ఒక్క ముక్క చాలు.

3. అసలు పని వేయించడంలోనే ఉంది. నూనె కాగాక మంట బాగా తగ్గించి ముక్కలు వేయండి. అవి బుడగలు కక్కుతూ పొంగుతాయి. పచ్చి ఇంగువలోని గంధకపు ఘాటు మెల్లగా తగ్గి, వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి గుర్తొచ్చే కమ్మదనం వస్తుంది. గోధుమరంగు తిరగగానే తీసి చల్లార్చి, ఒక ముక్కను వేళ్ల మధ్య నలపండి. పొడిపొడిగా రాలితే వేగినట్టు. లోపల బంకగా సాగితే మళ్లీ నూనెలో వేయాలి. నల్లబడితే మాత్రం చేదే, దానికి మందు లేదు.

4. ఆ ముక్కలను మెత్తగా నూరండి. మాగాయ, పులిహోర పోపుల్లో ఆవాలు చిటపటలాడాక, దించే ముందు చిటికెడు వేస్తే చాలు. ముక్కలు వేగిన నూనెను వదలకండి, ఇంగువ వాసన దానికీ పడుతుంది. పోపు అందులోనే పెట్టండి.

5. పొడిని తడి లేని గాజు సీసాలో పోసి మూత బిగించండి. ఇంగువ కట్టిన గుడ్డ సంగతి తెలిసిందే కదా, ఆ సీసాను ఇంగువకే ఉంచేయండి.