మిగిలిన టర్కీ కోడితో చిక్కటి సూప్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

కర్నూలులో క్రిస్మస్‌కు టర్కీ కోడి తెచ్చుకునే ఇళ్లు తక్కువే. తెచ్చుకున్న ఇంట్లో మాత్రం మర్నాడు ఫ్రిజ్‌లో చోటుండదు. బాగా పెరిగిన పుంజు ఐదారు కిలోలు సులువుగా తూగుతుంది. నలుగురైదుగురు ఉన్న ఇంట్లో అది ఒక్క పూటకు ఎక్కడ అయిపోతుంది? అప్పుడు అమెరికాలో ఉన్న కూతురో అక్కో వాట్సాప్‌లో రెసిపీ పంపుతుంది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగకు టర్కీని ఓవెన్‌లో కాల్చుకుని, మిగిలినదానితో మీగడ వేసి చిక్కటి సూప్ చేసుకోవడం మామూలే.

ఆ రెసిపీలో తప్పేమీ ఉండదు. కాకపోతే అది అక్కడి పాలకు, అక్కడి మిగులుకు రాసింది. వాళ్ల ముక్కకు ఉప్పు, మిరియాలు, వెన్న, ఏవో నాలుగు ఆకులు తప్ప ఇంకేమీ పట్టి ఉండవు. మన ముక్కకు పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు, టమాటా పట్టి ఉంటాయి, ఒక్కోసారి చింతపండు కూడా. పాలేమో ప్యాకెట్ పాలు. కింద చెప్పే తిప్పల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. నాటుకోడి మిగిలినా ఇవే తిప్పలు, ఇవే మందులు.

లెక్క కోసం ఒక కొలత అనుకుందాం. ఎముకల నీళ్లు 1 లీటరు, పాలు 300 మిల్లీలీటర్లు, వెన్న 60 గ్రాములు, మైదా 60 గ్రాములు, ముక్కలు 300 గ్రాములు, రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు. రెసిపీలో సెలరీ అని ఉంటుంది. దాని కోసం ఊరంతా తిరగకండి, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేస్తే చాలు.

అసలు ఆ మాంసం వాడొచ్చా?

పొయ్యి వెలిగించే ముందే తేల్చుకోవాల్సింది ఇది. పండగనాడు మధ్యాహ్నం వండిన గిన్నె వచ్చేపోయేవాళ్ల కోసమని రాత్రిదాకా గట్టు మీదే ఉండిపోతుంది. వండిన మాంసం బయట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అయితే గంటే లెక్క. "ఏముందిలే, మళ్లీ బాగా మరిగిస్తే పోతుంది" అంటారు పెద్దవాళ్లు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ, కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషం మరిగించినా పోదు. వాసన బాగానే ఉన్నా అలాంటిదాన్ని పారేయాల్సిందే. ఖరీదైన కోడి కదా అని ప్రాణం ఉసూరుమంటుంది, అయినా సరే.

సరిగ్గా దాచినదైతే వండిన నాటి నుంచి మూడు, నాలుగు రోజుల్లోపు వాడేయాలి. దాచేటప్పుడు పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోయకండి, మధ్యలో వేడి గంటల తరబడి నిలిచిపోతుంది. మాంసాన్ని ఎముకల నుంచి తీసి, వెడల్పాటి రెండు గిన్నెల్లో పలచగా పరిచి, చల్లారగానే మూతపెట్టి లోపల పెట్టండి. మధ్యలో చాలాసేపు కరెంటు పోయి ఉంటే ఆ సంగతీ లెక్కలోకి తీసుకోండి.

పాలు విరిగిపోయాయి

ఎక్కువమంది ఫోన్ చేసి అడిగేది దీని గురించే. సూప్ మీద తెల్లటి పలుకులు తేలతాయి, అడుగున పసుపుపచ్చ నీళ్లు కనబడతాయి.

మొదటి కారణం పాలే. అక్కడి రెసిపీలో రాసే హెవీ క్రీమ్‌లో కొవ్వు 36 శాతం, ఆపైన. అంత కొవ్వున్నది మరిగినా అంత తేలిగ్గా విరగదు. మన టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. క్రీమ్‌ను పోసినట్టు వీటిని మరుగుతున్న గిన్నెలో గుమ్మరిస్తే నిలవవు. ఈ సూప్‌కు ఫుల్ క్రీమ్ పాలే వాడండి, టోన్డ్ పాలతో తంటాలు పడకండి.

రెండోది పులుపు. పత్తికొండ టమాటా అయినా మదనపల్లె టమాటా అయినా, పులుపు పులుపే. పెరుగులో నానబెట్టిన ముక్క, చింతపండు పోసిన పులుసు కూడా అంతే. వేడి, పులుపు కలిశాయంటే పాలలోని ప్రోటీన్ గడ్డకడుతుంది. అందుకని పాత మసాలా గుజ్జును సూప్‌లోకి రానివ్వకూడదు. ముక్కల్ని వేడినీళ్లలో ఒకసారి జాడించి, వడగట్టి వాడండి. కొంచెం రుచి పోతుంది, నిజమే. ఆ రుచిని ఎముకల నీళ్లు తిరిగి తెస్తాయి.

మూడోది చాలామందికి తట్టదు: పచ్చి అల్లం. అల్లంలో ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఒకటి ఉంది, వేడి పాలలో పడితే పెరుగు తోడుకున్నట్టు గడ్డ కట్టించేస్తుంది. చివర్లో ఘాటు చాల్లేదని చెంచాడు పచ్చి అల్లం ముద్ద వేశారంటే పని అయిపోయినట్టే. బాగా వేగినా ఉడికినా ఆ ఎంజైమ్ చస్తుంది. అల్లం వేయాలనుకుంటే ఉల్లిపాయతోపాటు మొదట్లోనే వేయండి.

విరగకుండా ఉండాలంటే వరస ముఖ్యం. ముందు వెన్న, మైదా, ఆ తర్వాత ఎముకల నీళ్లు, అవి చిక్కబడ్డాకే పాలు. ఉడికిన పిండి పాల ప్రోటీన్‌ను ఒకదానికొకటి అంటుకోకుండా కొంతవరకు కాస్తుంది. పాలు విడిగా కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులో రెండు గరిటెల వేడి సూప్ కలిపి, అప్పుడు గిన్నెలోకి వదలండి. ఆ తర్వాత మంట సిమ్‌లోనే. బుడగలు ఎగిసేలా మరగనివ్వకూడదు. విడిగా కాచేటప్పుడే పాలు విరిగితే, తప్పు సూప్‌ది కాదని అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పటికే విరిగిపోయిందా? విరిగినదాన్ని వెనక్కి తేలేం, దాచగలం అంతే. ముక్కలు తీసి పక్కన పెట్టండి. పలచటి భాగం చల్లారాక పిడికెడు ఉడికిన అన్నమో, నానబెట్టిన పది జీడిపప్పులో వేసి మిక్సీ పట్టి, జల్లెడలో వడగట్టి, మళ్లీ సన్న మంట మీద పెట్టండి. వేడివేడిగా మిక్సీలో పోస్తే మూత ఎగిరి ఒళ్లు కాలుతుంది, జాగ్రత్త.

చింతపండు బాగా పట్టేసిన కూర అయితే అసలు పాల జోలికి పోవద్దనే చెబుతాను. అనంతపురం వైపు బుడ్డలకు, అంటే వేరుశనగ గింజలకు, కొదవ లేదు. వేయించి పొట్టు తీసిన బుడ్డలు గుప్పెడు మెత్తగా రుబ్బి ఎముకల నీళ్లలో కలిపితే, పులుపున్నా విరగని చిక్కదనం వస్తుంది. అమెరికా అక్క దాన్ని సూప్ అని ఒప్పుకోకపోవచ్చు. సంగటి ముద్దకు మాత్రం దీన్ని మించినది లేదు.

నీళ్లలా ఉంది, చిక్కబడటం లేదు

ఇలాంటప్పుడు అందరూ ఇంకాసిని పాలు పోస్తారు, అది ఇంకా పలచనవుతుంది. చిక్కదనం సగం ఎముకల నుంచి, సగం పిండి నుంచి రావాలి. పాలు నునుపుకు మాత్రమే.

మాంసం ఒలిచాక మిగిలిన గూడును చాలామంది కుక్కకు వేసేస్తారు. అసలు సరుకంతా అందులోనే ఉంది. దాన్ని విరిచి, మునిగేలా సుమారు 2 లీటర్ల నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, పది మిరియాలు వేసి, సన్న మంట మీద రెండు మూడు గంటలు పెట్టండి. కుక్కర్‌లో అయితే మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో ముప్పావు గంట. పైకి తేలే తెట్టు చిల్లుల గరిటెతో తీసేయండి. ఆ నీళ్లను ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జెల్లీలా వణకాలి. వణికిందంటే ఎముకల్లోని జిలాటిన్ దిగినట్టు. అలా కాకపోతే నీళ్లు ఎక్కువైనట్టు, మూత తీసి ఇంకా మరిగించండి. ఇందులో ఉప్పు వేయకండి, ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఎముకల నీళ్లు బాగానే ఉన్నా సూప్ పలచగా ఉందంటే పిండికి వేడి చాలలేదు. మైదా కలిపాక పాలు పోయకముందే పది నిమిషాలు మరగాలి. కార్న్‌ఫ్లోర్ దీనికి తిరుగుడు: చల్లటి నీళ్లలో కలిపి పోసి, ఒకటి రెండు నిమిషాలు మరిగితే చాలు. ఎక్కువసేపు మరిగిస్తే చిక్కబడింది కాస్తా మళ్లీ పలచనవుతుంది.

మైదా ఇష్టం లేనివాళ్లు గుప్పెడు సోనామసూరి బియ్యమో కొర్రలో ఎముకల నీళ్లలోనే మెత్తగా ఉడికించి మిక్సీ పట్టండి. నాకు మైదా కన్నా ఇదే నచ్చుతుంది. జొన్నపిండి మాత్రం వద్దు. చిక్కబడుతుంది గానీ నాలుకకు గరగరలాడుతుంది, దాని రుచి ముందు కోడి రుచి తెలియదు.

ఉండలు కట్టింది, లేదా పచ్చి పిండి వాసన వస్తోంది

పొడి పిండిని వేడి సూప్‌లో చల్లితే పైపొర వెంటనే ఉడికి బిగుసుకుంటుంది, లోపలి పిండి పొడిగానే ఉండిపోతుంది. అదే ఉండ. జల్లెడలో వడగట్టి, మిగిలిన ఉండల్ని గరిటెతో నలిపేయండి. ఈసారి వెన్న కరిగాక మైదా వేసి, సన్న మంట మీద రెండు మూడు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా కలిపి, రంగు మారకముందే ఎముకల నీళ్లు ఒక్కో గరిటె చొప్పున పోయండి. పచ్చి వాసనకు కూడా ఇదే మందు.

ముక్క పీచులా, పొడిపొడిగా ఉంది

టర్కీ రొమ్ము మాంసంలో కొవ్వు చాలా తక్కువ. అది పండగనాడే ఒకసారి ఉడికిపోయింది. మళ్లీ అరగంట ఉడికిస్తే మెత్తబడుతుందనుకోవడం భ్రమ, ఉన్న రసం కూడా పిండుకుపోతుంది. రొమ్ము ముక్కలు చివర్లో, పాలు కలిసిన తర్వాత వేసి, సిమ్‌లో ఐదు నిమిషాలు లోపలిదాకా వేడెక్కేలా ఉంచితే చాలు. తొడ మాంసం కొంచెం ముందు వేసినా తట్టుకుంటుంది.

ఇప్పటికే ఎండిపోయి ఉంటే, పీచుకు అడ్డంగా చాలా సన్నగా తరగండి. పొడిదనం పోదు గానీ పంటికి తెలియదు. కాలి మాంసంలో పుల్లల్లాంటి గట్టి నరాలు ఉంటాయి, మామూలు కోడికి ఇంత గట్టివి ఉండవు. పిల్లల గొంతులో గుచ్చుకుంటాయి. వేళ్లతో తడుముతూ ఒక్కొక్కటే లాగేయండి.

నీచు వాసన, ఫ్రిజ్ వాసన

వండినదాన్ని దాచి మళ్లీ వేడి చేస్తే, చెడిపోకపోయినా, అదో రకం పాత వాసన వస్తుంది. మాంసంలోని కొవ్వుకు గాలి తగలడం వల్ల వచ్చేదది. టర్కీకి ఈ గుణం మామూలు కోడి కన్నా ఎక్కువ. చర్మం, పాత నూనె తీసేయండి. దాచేటప్పుడు ముక్కలు ఎముకల నీళ్లలో మునిగి ఉంటే గాలి తగలదు. వెన్నలో రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేయించి మొదలుపెడితే వాసన చాలావరకు అణుగుతుంది. పుల్లటి వాసనో జిగటో ఉంటే అది వేరే సంగతి, పారబోయండి.

ఉప్పెక్కువైంది

ముక్కకు ముందే ఉప్పు పట్టి ఉంది, ఎముకల నీళ్లు ఇగిరినకొద్దీ వాటి ఉప్పూ పెరుగుతుంది. బంగాళదుంప వేస్తే ఉప్పును పీల్చేస్తుందంటారు. అది ఉప్పుతోపాటు నీళ్లనూ పీలుస్తుంది కాబట్టి మిగిలిన సూప్ ఉప్పదనం అలాగే ఉంటుంది. దుంపను మెత్తగా మెదిపి సూప్‌లోనే కలిపేసి, ఉప్పులేని ఎముకల నీళ్లు ఇంకో రెండు గరిటెలు పోయడమే దారి. ఉప్పు చూడటం అన్నిటికన్నా ఆఖరి పనిగా పెట్టుకోండి.

పైన నూనె తేలుతోంది

కూర నూనె అది. ఎముకల నీళ్లు చల్లారి పైన గడ్డకట్టినప్పుడు చెంచాతో ఎత్తేస్తే సరిపోయేది. ఇప్పుడైతే గరిటె వాల్చి పైపైన తోడండి.

రాత్రి చిక్కగా ఉంది, పొద్దున్నే మారిపోయింది

ముద్దలా గట్టిపడితే కంగారు పడక్కర్లేదు, అది జిలాటిన్, పిండి చేసే పని. కాసిని పాలు పోసి సన్న మంట మీద కలిపితే మామూలవుతుంది. తిరిగి వేడి చేసేటప్పుడు తినే మేరకే తీసి, లోపలిదాకా పొగలు వచ్చేలా కాచండి.

గట్టిపడకుండా నీళ్లయిపోయిందంటే ఇంట్లో ఎవరో రుచి చూసిన గరిటెను మళ్లీ అదే గిన్నెలో ముంచి ఉంటారు. ఉమ్మిలో పిండిని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, రాత్రంతా దాని పని అది చేసుకుపోతుంది. రుచి చూసేందుకు వేరే చెంచా పెట్టుకోండి. ఎంగిలి పట్టింపు మన ఇళ్లలో ఎటూ ఉన్నదే.

డీప్ ఫ్రిజ్‌లో పెట్టాలంటే పాలు, పిండి కలపకముందే ఎముకల నీళ్లు, ముక్కలు విడివిడిగా పెట్టండి. తయారైన సూప్‌ను గడ్డకట్టిస్తే కరిగాక నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు అవుతాయి.

అన్నీ బాగున్నాయి, చప్పగా ఉంది

కారానికి అలవాటుపడిన నాలుకకు వెన్న, పాలు కలిసిన సూప్ మొదట చప్పగానే తగులుతుంది. ఎండుకారం వేస్తే రంగు చెడి కూరలా అవుతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు చీల్చిన పచ్చిమిరపకాయలు ఉల్లిపాయతోపాటు వెన్నలో వేగనివ్వండి, దించాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చల్లండి. అప్పటికీ ఏదో తక్కువైందనిపిస్తే దానికి కావాల్సింది పులుపే. నిమ్మరసం గిన్నెలో పిండితే పాలు విరుగుతాయి. సూప్ కప్పుల్లో పోశాక, ఎవరి కప్పులో వాళ్లు నాలుగు చుక్కలు పిండుకుని వెంటనే తాగేయండి.