బ్యాంకు స్టేట్‌మెంట్ గ్నూక్యాష్‌లోకి సరిగ్గా ఎక్కడం లేదా? సమస్య - పరిష్కారం

బ్యాంకు ఫైలును గ్నూక్యాష్ అనే ఉచిత ఖాతాల సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకునేటప్పుడు, అంటే ఇంపోర్ట్‌లో, వచ్చే ఇబ్బందులు రెండు రకాలు. కొన్నిటికి సాఫ్ట్‌వేర్ అక్కడే ఆగి, ఎర్ర గుర్తు చూపిస్తుంది. వాటివల్ల విసుగే తప్ప నష్టం లేదు. రెండో రకం చప్పుడు చేయవు. ఫైలు సాఫీగా ఎక్కినట్టే ఉంటుంది, నెలాఖరున లెక్క మాత్రం తేలదు. ఇక్కడ ఎక్కువ చోటు ఆ రెండో రకానికే. మెనూ పేర్లు గ్నూక్యాష్‌వి. అలాంటివే అయిన హోమ్‌బ్యాంక్, కేమైమనీ వాడేవాళ్లకు పేర్లు మారతాయి గానీ కారణాలు చాలావరకు ఇవే.

మొదలుపెట్టే ముందు

బ్యాంకు నుంచి దిగిన ఫైలును ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో ఉంచి, మార్పులన్నీ దాని కాపీలో చేయండి. గ్నూక్యాష్‌లో ఒక ఇంపోర్ట్ మొత్తాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకునే వీలు లేదు. మీ ఖాతా పుస్తకం (గ్నూక్యాష్ మీ లెక్కలు దాచే ఫైలు) ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉంటే ముందు సేవ్ చేసి, తర్వాత ఇంపోర్ట్ చేయండి. తేడా కొడితే సేవ్ చేయకుండా మూసేస్తే సరిపోతుంది. ఆటోసేవ్ మాత్రం ఆ కాసేపు ఆపి ఉంచండి. ఎస్‌క్యూలైట్ రూపంలో ఉంటే ప్రతి మార్పూ వెంటనే డిస్క్ మీదికి వెళ్లిపోతుంది కాబట్టి, పుస్తకం ఫైలునే ముందుగా కాపీ తీసి పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

స్టేట్‌మెంట్‌లోని ఓపెనింగ్ బ్యాలెన్స్, క్లోజింగ్ బ్యాలెన్స్ కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో అవసరపడతాయి.

ఎక్సెల్ ఫైలు అంటుంది, కానీ తెరిస్తే హెచ్చరిక వస్తుంది

ఫైలు పేరు చివర ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేనప్పుడు ఇలా జరుగుతుంది. కొన్ని బ్యాంకుల సైట్లు మామూలు టెక్స్ట్‌కే ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరు తగిలించి ఇస్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి లైను చూడండి. పీ, కే అనే ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక అర్థంకాని గుర్తులు ఉంటే అది నిజంగానే కొత్త రకం ఎక్సెల్ ఫైలు. ట్యాగులు కనిపిస్తే వెబ్ పేజీ పట్టిక. తేదీలు, మొత్తాలు చక్కగా చదవగలిగేలా ఉండి, మధ్యలో పెద్ద ఖాళీలు ఉంటే అది ట్యాబ్‌లతో విడదీసిన టెక్స్ట్. ఈ చివరి రకానికి కన్వర్టర్లేమీ అక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్‌ను సీఎస్‌వీగా (గడులను కామాతో విడదీసే టెక్స్ట్ ఫైలు) మార్చి, ఇంపోర్ట్ తెరలో సెపరేటర్‌గా కామా తీసేసి ట్యాబ్ ఎంచుకోండి. మిగతా రెండిటినీ ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరిచి సీఎస్‌వీగా సేవ్ చేయాలి.

పీడీఎఫ్ మాత్రమే దొరికితే, ముందు నెట్‌బ్యాంకింగ్‌లో ఇంకో ఫార్మాట్ ఉందేమో చూడండి. మొబైల్ యాప్‌లో లేనిది వెబ్‌సైట్‌లో చాలాసార్లు ఉంటుంది. నిజంగానే లేకపోతే టబ్యులా లాంటి, మీ కంప్యూటర్‌లోనే నడిచే పనిముట్టు వాడండి. ఉచితంగా మార్చి పెడతామనే సైట్లకు స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేయకండి. మీ ఖాతా నంబరు, చిరునామా, ఎవరికి ఎంత పంపారో అన్నీ అందులోనే ఉంటాయి.

పీడీఎఫ్ నుంచి తీసినదానిలో ఒక తలనొప్పి తప్పదు. పొడుగాటి వివరణ రెండు మూడు లైన్లుగా విరిగి, తేదీ లేని వరుసలు పుడతాయి. ఆ ముక్కలను పై వరుస వివరణకు అతికించి, ఖాళీ అయిన వరుసలు తీసేయాలి.

తేదీలు తారుమారయ్యాయి

ఏప్రిల్ లావాదేవీలు కొన్ని జనవరిలో, కొన్ని డిసెంబరులో తేలతాయి. ఇది ఎలా పుడుతుందో తెలిస్తే వెంటనే పోల్చుకోవచ్చు.

బ్యాంకు ఇచ్చే తేదీ 03/04/2024 అంటే ఏప్రిల్ 3. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉండి, మీరు సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేస్తే, ఎక్సెల్ దాన్ని మార్చి 4గా చదువుతుంది. 13/04/2024 వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి దాన్ని ముట్టుకోకుండా టెక్స్ట్‌గా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో 1 నుంచి 12వ తేదీ దాకా నెలా రోజూ తిరగబడి, 13 నుంచి మామూలుగా ఉంటాయి. కాలమ్ వెడల్పు చేసి చూడండి: తిరగబడినవి కుడి అంచుకు, వదిలేసినవి ఎడమ అంచుకు అంటుకుని కనిపిస్తే రోగం ఇదే.

ఇలా పాడైన ఫైలును బాగుచేయడానికి కూర్చోవద్దు. అసలు ఫైలును మళ్లీ తీసుకోండి, అది త్వరగా అవుతుంది. ఎక్సెల్‌తో పని లేకుండా గ్నూక్యాష్‌కే నేరుగా ఇచ్చి, డేట్ ఫార్మాట్ దగ్గర రోజు-నెల-సంవత్సరం ఎంచుకోండి. మధ్యలో సవరణలు తప్పనిసరైతే క్యాల్క్‌లో తెరవండి. అది తెరిచే ముందే ఒక ప్రివ్యూ చూపిస్తుంది. అందులో తేదీ కాలమ్ తలకాయ మీద నొక్కి, రోజు-నెల-సంవత్సరం రకం ఇవ్వండి. ఎక్సెలే కావాలంటే డబుల్ క్లిక్ మానేసి, డేటా ట్యాబ్‌లోని ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చుకుని, అక్కడ లొకేల్‌ను ఇంగ్లీష్ ఇండియాగా పెట్టండి.

స్టేట్‌మెంట్‌లో ట్రాన్సాక్షన్ డేట్, వాల్యూ డేట్ అని రెండు కాలమ్‌లు ఉంటే ఏదో ఒకటే వాడండి, ప్రతి నెలా అదే వాడండి. ఒక నెల ఇదీ ఒక నెల అదీ అయితే నెల చివరి రోజుల్లో డూప్లికేట్లు మొదలవుతాయి.

రిఫరెన్స్ నంబర్ల చివర సున్నాలు

ఇదీ ఎక్సెల్ చేతి పనే. యూపీఐ రిఫరెన్స్‌లో 12 అంకెలుంటాయి. ఎక్సెల్ మామూలు గడిలో 11 అంకెలు దాటిన సంఖ్యను ఘాతాంక రూపంలో కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైలులోకి వెళ్తుంది, అసలు నంబరు పోతుంది. 15 అంకెలు దాటితే మరీ అన్యాయం, చివరి అంకెలు సున్నాలైపోతాయి. ఖాతా నంబరు ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. ఆ కాలమ్‌లకు టెక్స్ట్ రకం ఇచ్చి తెరవడమే మందు.

మొత్తాలు చదవలేకపోతోంది, లేదా ప్లస్-మైనస్ తిరగబడ్డాయి

1,23,456.00 అని మన పద్ధతిలో కామాలుంటే రెండు చోట్ల తగులుకుంటుంది. ఆ మొత్తం చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే కామా దగ్గర కాలమ్ చీలిపోతుంది, ఆ వరుసలో అన్నీ కుడివైపుకు జరుగుతాయి. కొటేషన్లు ఉన్నా, మూడేసి అంకెలకు ఒక కామా ఉండాలని ఆశించే సాఫ్ట్‌వేర్ లక్షలను ఒప్పుకోకపోవచ్చు. క్యాల్క్‌లో ఆ కాలమ్ వరకు ఎంచుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో కామాలు తీసేయండి. వివరణ కాలమ్‌ను కదపనక్కర్లేదు.

మొత్తం వెనకే సీఆర్ (జమ), డీఆర్ (ఖర్చు) అని అతుక్కుని ఉన్నా, పక్క కాలమ్‌లో ఉన్నా, గ్నూక్యాష్ వాటిని గుర్తుపట్టదు. డీఆర్ ఉన్న వరుసలకు మైనస్ వేసే చిన్న ఇఫ్ ఫార్ములాతో కొత్త కాలమ్ తయారుచేసుకుని దాన్నే ఇంపోర్ట్ చేయాలి. జమ, ఖర్చు వేర్వేరు కాలమ్‌లుగా ఉంటే ఈ శ్రమ లేదు: కొత్త వెర్షన్లలో జమ కాలమ్‌కు అమౌంట్, ఖర్చు కాలమ్‌కు అమౌంట్ నెగేటెడ్, పాత వెర్షన్లలో డిపాజిట్, విత్‌డ్రాయల్. బ్యాలెన్స్ కాలమ్‌కు ఏ రకమూ ఇవ్వకుండా వదిలేయండి.

క్రెడిట్ కార్డు ఫైళ్లలో కొనుగోళ్లు ఏ గుర్తూ లేకుండా, మీరు కట్టిన బిల్లు మాత్రం సీఆర్‌తో రావడం మామూలు. అక్కడ కొనుగోలుకు మైనస్, కట్టినదానికి ప్లస్ ఉండాలి. ఒక్క ఇంపోర్ట్ తర్వాత కార్డు బాకీ తగ్గాల్సింది పెరిగిందంటే గుర్తులు తిరగబడ్డాయని అర్థం.

కొన్ని వరుసలు రాలేదు

ఇంపోర్ట్ తెరలో పైన వదిలేసే లైన్లు, కింద వదిలేసే లైన్లు అని రెండు అంకెలుంటాయి. పేరు, చిరునామా, బ్రాంచి కోడ్ ఉండే పై భాగం కొన్ని బ్యాంకుల్లో 20 లైన్ల దాకా ఉంటుంది. ఆ అంకెలను సెట్టింగ్‌గా సేవ్ చేసుకుంటే పని సులువవుతుంది గానీ, బ్యాంకు ఎప్పుడైనా ఒక లైను తగ్గిస్తే మొదటి లావాదేవీ గుటుక్కుమంటుంది. అందుకని ప్రతిసారీ ప్రివ్యూలో మొదటి వరుసనూ చివరి వరుసనూ అసలు స్టేట్‌మెంట్‌తో పోల్చండి.

తప్పులున్న వరుసలను దాటవేయి అనే స్కిప్ ఎర్రర్స్ గడిలో టిక్ పెట్టడం మాకు నచ్చని అలవాటు. ఎర్ర వరుస మీద మౌస్ ఉంచితే కారణం చెబుతుంది. అది ఫైలు అడుగున ఉండే ముగింపు వాక్యమైతే దాటేయండి. తేదీ, మొత్తం ఉన్న వరుసైతే అది మీ డబ్బు. దాటేస్తే ఇక ఎవరూ గుర్తుచేయరు.

ఒకే లావాదేవీ రెండుసార్లు

ఓఎఫ్‌ఎక్స్ (లెక్కల సాఫ్ట్‌వేర్ల కోసం బ్యాంకులు ఇచ్చే ఫార్మాట్) ఫైలులో ప్రతి లావాదేవీకీ బ్యాంకు ఇచ్చిన ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. అదే ఖాతాలోకి మళ్లీ ఇచ్చినా గ్నూక్యాష్ దాన్ని చూసి వదిలేస్తుంది. సీఎస్‌వీలో, క్యూఐఎఫ్ అనే పాత ఫార్మాట్‌లో అలాంటిదేమీ లేదు. మొత్తం, తేదీ, నంబరు, వివరణ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి ఊహిస్తుందంతే. కాబట్టి సీఎస్‌వీ అయితే తేదీలు ఒకదానిపై ఒకటి పడకుండా నెలవారీగా దించుకోండి. ఈ రోజు వరకు లాగకండి, ఇంకా ఖరారు కాని లావాదేవీల వివరణ తర్వాత మారే అవకాశం ఉంది.

సరిపోల్చే తెరలో ప్రతి వరుస పక్కన ఇంగ్లీషు అక్షరాలుంటాయి: ఏ అంటే కొత్తగా చేర్చు, సీ అంటే ఇప్పటికే ఉన్నదానికి జతచేసి క్లియర్ (బ్యాంకులోనూ ఉంది అనే గుర్తు) చెయ్యి, యూ ప్లస్ సీ అంటే జతచేసి వివరాలు కూడా మార్చు. రోజూ ఖర్చులు చేత్తో రాసుకునేవాళ్లకు చాలా వరుసలు సీగా రావాలి. అన్నీ ఏ అని వస్తే ఆగండి, బహుశా మీరు ఇంకో ఖాతాలోకి ఎక్కిస్తున్నారు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఒకే రోజు ఒకే కొట్లో 20 రూపాయల చొప్పున రెండుసార్లు చెల్లించారు. మీరు ఒకటే రాసుకున్నారు. రెండు వరుసలూ ఆ ఒక్కదానివైపే చూపించే ప్రమాదం ఉంది. యూపీఐ రిఫరెన్స్‌ను నంబర్ కాలమ్‌గా తెచ్చుకుంటే ఏది ఏదో మీరైనా తేల్చగలుగుతారు. విఫలమై తిరిగొచ్చిన చెల్లింపులకూ అంతే: పోయినది ఒకటి, వచ్చినది ఒకటి, రెండూ పుస్తకంలో ఉండాలి.

మీ సొంత ఖాతాల మధ్య బదిలీలే ఎక్కువ తిప్పలు పెడతాయి. పొదుపు ఖాతా నుంచి ఇంకో బ్యాంకుకు 10,000 పంపితే రెండు ఫైళ్లలోనూ ఉంటుంది. గ్నూక్యాష్ జత వెతికేది ఏ ఖాతాలోకి ఇంపోర్ట్ చేస్తున్నారో అందులోనే. మొదటి ఫైలు ఎక్కించేటప్పుడే అవతలి ఖాతాగా రెండో బ్యాంకును చూపిస్తే, రెండో ఫైలు వచ్చినప్పుడు అక్కడ ఆ వరుస సిద్ధంగా ఉంటుంది, సీ అవుతుంది. మొదటిసారి పట్టించుకోకుండా ఇంబ్యాలెన్స్‌లో (అవతలి ఖాతా తేలని వరుసలను గ్నూక్యాష్ పడేసే ఖాతా) వదిలేస్తే రెండో బ్యాంకులో వెతకడానికి ఏమీ ఉండదు, డూప్లికేట్ పుడుతుంది.

అన్నీ ఇంబ్యాలెన్స్ ఐఎన్‌ఆర్‌లోనే పడుతున్నాయి

ఎన్ని నెలలు నేర్పినా కిరాణా కిరాణాలోకి, కరెంటు కరెంటులోకి వెళ్లకపోవడానికి మన యూపీఐ వివరణల తీరే పెద్ద కారణం. అవతలి ఖాతాను ఊహించడానికి గ్నూక్యాష్ వాడే బేయీజియన్ పద్ధతి వివరణను ఖాళీలున్న చోట మాటలుగా విడగొట్టి, ఏ మాట ఏ ఖాతాతో వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. మన వివరణలో యూపీఐ, 12 అంకెలు, దుకాణం పేరు, బ్యాంకు పేరు అన్నీ ఏటవాలు గీతలతోనో హైఫన్లతోనో కలిసిపోయి, దానికి ఒకే పొడుగాటి మాటగా కనిపిస్తాయి. అందులో రిఫరెన్స్ నంబరు ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఆ మాట ఇంకెప్పుడూ రాదు. నేర్చుకోవడానికి మిగిలేది వారంలో ఏ రోజు అన్నది మాత్రమే, దాన్ని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఇంపోర్ట్‌కు ముందు వివరణ కాలమ్‌లోని గీతలు, హైఫన్ల బదులు ఖాళీ పెట్టండి. దుకాణం పేరు విడి మాట అవుతుంది. రెండు మూడు నెలల ఫైళ్లకు ఓపిగ్గా ఖాతాలు మీరే ఎంచితే తర్వాత ఊహలు కుదురుకుంటాయి. ఇదివరకే తప్పుగా నేర్చుకున్నవి ఉంటే టూల్స్ మెనూలో ఇంపోర్ట్ మ్యాప్ ఎడిటర్ తెరిచి తీసేయండి. ఓఎఫ్‌ఎక్స్ ఫైలు మొదటిసారి పొరపాటున వేరే ఖాతాకు ముడిపడి, ప్రతిసారీ అక్కడికే వెళ్తున్నా ఆ ముడి విప్పేది ఇక్కడే, ఆన్‌లైన్ విభాగంలో.

అన్నీ చేసినా బ్యాలెన్స్ తేలడం లేదు

మొదట ఇంపోర్ట్ ముందు రోజు పుస్తకంలో ఉన్న నిల్వ, రాసుకున్న ఓపెనింగ్ బ్యాలెన్స్ ఒకటేనా చూడండి. కాకపోతే తప్పు ఈ ఫైలుది కాదు, పాతది. మొట్టమొదటి ఇంపోర్ట్ అయితే ఓపెనింగ్ బ్యాలెన్స్ పద్దే వేసి ఉండరు.

అది సరిపోతే తేడా ఎంతో లెక్కకట్టండి. తేడాకు సరిసమానమైన మొత్తం ఫైలులో ఉంటే అది రాలేదు, లేదా రెండుసార్లు వచ్చింది. తేడాలో సగం ఉన్న మొత్తం దొరికితే దాని గుర్తు తిరగబడింది. ఉదాహరణకు 4,800 తేడా ఉంటే 2,400 కోసం వెతకండి.

అలా దొరకకపోతే ముందు ఫైలునే పరీక్షించండి. క్యాల్క్‌లో పక్కన ఒక కాలమ్ పెట్టి, పై వరుస బ్యాలెన్స్‌కు ఈ వరుస జమ కలిపి ఖర్చు తీసేసి, బ్యాంకు ఇచ్చిన బ్యాలెన్స్‌తో పోల్చండి. కొత్తవి పైన ఉండే స్టేట్‌మెంట్ అయితే కింది నుంచి పైకి లెక్కించాలి. మొదటిసారి ఎక్కడ పొసగదో సరిగ్గా అక్కడే వరుస పోయింది లేదా అంకె చెడింది. ఫైలు మొత్తం పొసిగిందంటే తప్పు పుస్తకంలో ఉంది. గ్నూక్యాష్ రిజిస్టర్‌ను తేదీ వరుసలో పెట్టి, వారానికొక తేదీ చొప్పున రెండు బ్యాలెన్స్‌లూ చూసుకుంటూ వెళ్తే తేడా పుట్టిన వారం తేలుతుంది, ఆ వారంలోని వరుసలు చూస్తే చాలు. సరిచేశాక రీకన్సైల్ (స్టేట్‌మెంట్‌తో సరిపోయిందని ఖరారు చేయడం) చేసి ముగించండి. వచ్చే నెల తేడా వస్తే ఈ తేదీకి ముందు వెతకాల్సిన పని ఉండదు.