గ్రూప్ కౌన్సెలింగ్‌లో కౌన్సెలర్ ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి

మందు మానాలనుకునేవాళ్లతో మొదటిసారి గ్రూప్ నడపబోతున్న కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాను.

సగం పని గ్రూప్ మొదలవకముందే ఉంటుంది. ఏడెనిమిది మంది చాలు, పది దాటితే కొందరు నోరు విప్పకుండానే వెళ్లిపోతారు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. మందు ఆపాక వచ్చే వణుకు, చెమటలు ఇంకా తగ్గనివాళ్లను ముందు డాక్టరు దగ్గరికి పంపండి. చిన్న ఊళ్లలో ఒకరికొకరు చుట్టాలో తెలిసినవాళ్లో అయి ఉంటారు కాబట్టి, ఇక్కడి మాట గడప దాటకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

గ్రూపులు ఎదిగే తీరును అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో నాలుగు దశలుగా (కొత్తగా కలవడం, గొడవపడటం, కుదురుకోవడం, కలిసి పనిచేయడం) వివరించాడు, 1977లో మేరీ ఆన్ జెన్సన్‌తో కలిసి విడిపోయే దశను చేర్చాడు. కాగితం మీద ఇవి వరుసగానే ఉంటాయి గానీ, కొత్త మనిషి చేరినా, మానేసిన మనిషి మళ్లీ తాగడం మొదలుపెట్టినా గ్రూప్ వెనక్కి జారుతుంది.

మొదట్లో అందరూ మీ మొహమే చూస్తారు. "ఇంటికెళ్తే మా పాప దగ్గరికొచ్చి నోరు వాసన చూస్తుంది సార్" అని ఒకాయన మీతో అన్నాడనుకోండి. జవాబు మీ నోటిదాకా వస్తుంది. ఆగండి. మిగతావాళ్ల వైపు చూసి "ఇలాంటిది ఇంకెవరికైనా ఎదురైందా?" అని అడిగి, కాసేపు ఎవరూ పలకకపోయినా ఓపిక పట్టండి. "మా ఆవిడా అంతే అన్నా, జేబులు వెతుకుతుంది" అని ఎదురుగా ఉన్నతను ఆయనతో అన్నాడంటే, గ్రూప్ అప్పుడు మొదలైనట్టు. ఈ బాధ నా ఒక్కడిదే కాదన్న ఊరటను అమెరికన్ సైకియాట్రిస్ట్ ఇర్విన్ యాలోమ్ గ్రూప్ చికిత్స పనిచేసే కారణాల్లో ఒకటిగా చెప్పాడు, అది మనం ఎంత బోధించినా రాదు.

కొన్ని వారాలకు గొడవ వస్తుంది, రావాలి కూడా. "ఈ కబుర్లతో మందు మానేస్తామా?" అని ఎవరో మీ మీదికే వస్తారు. మిమ్మల్ని మీరు సమర్థించుకోకుండా, ఏది ఉపయోగపడట్లేదో చెప్పమనండి, ఇక్కడ కోపం చూపించినా ఎవరూ గెంటేయరని మిగతావాళ్లకు అర్థమయ్యేది అప్పుడే. కానీ అందరూ కలిసి ఒకరిని నిలదీస్తుంటే మాత్రం వెంటనే అడ్డుపడాలి, ఆ పని మీదే. పెద్దాయన ఎవరైనా కుర్రాళ్లకు క్లాసు పీకడం మొదలుపెడితే "బాబాయ్, అప్పుడు మీరేం చేశారో చెప్పండి" అని మెల్లగా తిప్పండి.

ఆ గొడవలు సర్దుకున్నాక, ఎవరైనా రాకపోతే గ్రూప్‌లోవాళ్లే ఫోన్ చేసుకుంటారు, ఆలస్యమైతే వాళ్లే అడుగుతారు. అప్పుడు మీ మాట తగ్గించేయండి.

గ్రూప్ ముగుస్తుందన్న సంగతి చివరి రోజు దాకా దాచకండి, కనీసం మూడు వారాల ముందే చెప్పండి. వచ్చే పండక్కో పెళ్లికో మందు ఎదురుగా పెడితే ఏం చేస్తారో, అర్ధరాత్రి తాగాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారో పేరుతో సహా ఒక్కొక్కరి చేత చెప్పించండి. దగ్గర్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (మందు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘం) మీటింగ్ ఎక్కడ జరుగుతుందో కనుక్కుని, జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446తో పాటు చీటీ మీద రాసి చేతికివ్వండి.